ఫౌంటెన్‌లో కరిగిన నీలం

ఆరేళ్లుగా నా హ్యాండ్‌బ్యాగ్ లోపలి జిప్పులో ఒక చీటీ ఉంది. బ్యాగులు మూడు మారాయి, చీటీ మారలేదు. పారేయలేను, ఎవరికీ చూపించలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

క్యారీ అనే ఈ విదేశీ ఊళ్లో పాత కాగితాలు బాగుచేసే చిన్న స్టూడియోలో నాకు ఉద్యోగం ఇప్పించింది సరోజ ఆంటీ. అక్కడ తెలుగువాళ్లం మేమిద్దరమే. ఆవిడ ఉదయం, నేను మధ్యాహ్నం. ఒకరికొకరం తెలుగులో చీటీలు రాసి పెట్టుకునేవాళ్లం. ఫ్రిజ్‌లో పులిహోర ఉందనో, ఓనరు ఇవాళ చిటపటలాడుతున్నాడనో.

ఆ వారం ఫ్రెంచి రాజుల తోటల్లోని ఫౌంటెన్ల బొమ్మలు వచ్చాయి. రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన పాత ప్రింట్లు. ఒకదానిలో డ్రాగన్ నోట్లోంచి నీళ్లు చెట్లకంటే ఎత్తుకు చిమ్ముతున్నాయి. కింద తొట్టిలో ఎవరో చేత్తో వేసిన లేత నీలం. మరకలు పోవాలంటే కాగితాన్ని నీళ్లలో నానబెట్టాలి. అంతకుముందు కరుగుతుందేమోనని ప్రతి రంగునూ తడి దూదితో అద్ది చూడాలి, అది ఆంటీ పని. ప్రింటు మీద మడిచిన చీటీ ఉంది. మళ్లీ పులిహోర కబురే అనుకుని విప్పకుండా పక్కన పెట్టాను. అంత తొందరేమిటి నాకు? ఇప్పటికీ తెలియదు. కాగితం నీళ్లలో దించిన నిమిషానికే ఆ నీలం పొగలా లేచి పోయింది. అప్పుడు చీటీ విప్పాను. "నీలం కరుగుతోంది. నీళ్లలో పెట్టకు."

ఓనరు వచ్చి చేతిలో ఏమిటని అడిగాడు. సరుకుల లిస్టన్నాను. సరోజ ముందే చెప్పలేదా అంటే, లేదన్నాను.

మర్నాడు ఆంటీ నాకోసం మధ్యాహ్నం దాకా ఆగారు.

"చీటీ పెట్టినట్టే గుర్తమ్మా. నువ్వు చూళ్లేదూ?"

"లేదాంటీ. అక్కడేం లేదు."

"అయితే మర్చిపోయుంటాను. మా అమ్మకీ మతిమరుపు ఇలాగే మొదలైంది."

ఆ మాట విన్నాక కూడా నేను నిజం ఒప్పుకోలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఒక్కటేనా? ఆవిడ అంత తేలిగ్గా తనమీద వేసుకోవడం నాకు హాయిగా అనిపించింది, అదీ నిజమే, ఆ హాయి గుర్తొస్తేనే నామీద నాకు అసహ్యం. నెల తిరక్కుండా ఆవిడ పని మానేశారు. డాక్టర్లు ఏమీ లేదన్నా నమ్మలేదు. తర్వాత కారు నడపడం కూడా మానేశారు.

మొన్న వాళ్లింటికి వెళ్లాను. స్టవ్ పక్కన, తలుపు మీద, మందుల డబ్బా మీద, అన్నిచోట్లా చీటీలే. అదే చేతిరాత. కాఫీ ఇచ్చి, చక్కెర వేశానా అని నన్నే అడిగారు. వేశారన్నాను. బ్యాగు ఒళ్లోనే ఉంది. జిప్పు తీసి, మళ్లీ వేసేశాను.

ఆవిడకి ఎప్పటికైనా చెబుతానా? తెలియదు. ఇంతవరకూ రాసేసరికి మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. మిగిలింది కూడా రాసేస్తాను. ఆంటీ ఏదీ మర్చిపోలేదు. చీటీ పెట్టారు. నేను చూశాను.