ఎడమవైపు గోడ

లిఫ్టు మెకానిక్కు ఊళ్ళో ఎక్కని మేడ లేదు. ఏ భవనంలో ఏ అంతస్తు దగ్గర లిఫ్టు మూలుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అంతటివాడూ ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం దారి తెలియక బిక్కమొహం వేస్తాడు.

తప్పిపోయేది ఒక పాత ఆటలో. చీకటి కోట, దాని కింద నేలమాళిగలు, లోపలికి దిగిన నలుగురు వీరులు. తెర మీద ఆకుపచ్చ గీతల గోడలు తప్ప ఏమీ ఉండవు, ఏ మలుపు చూసినా ఒకేలా ఉంటుంది. బాణం గుర్తు పెట్టి దారి చూపించే మర్యాద ఆ కాలం ఆటలకు లేదు. ఆడేవాళ్ళే గళ్ళ కాగితం మీద మ్యాపు గీసుకోవాలి. ఇలాంటి ఆటలంటే పడిచచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాటిని కొత్త కంప్యూటర్లలో నడిచేట్టు బాగుచేసి పెట్టిందీ వాళ్ళే. మన మెకానిక్కు ఆ బాపతే. మిగతావన్నీ ఒక్కొక్కటే గెలిచాడు. ఇది మాత్రం మూడో నేలమాళిగ దగ్గర ఆగిపోయింది.

“నెట్లో మ్యాపు ఉంటుందటగా, చూసి ఆడొచ్చుగా?” అంది భార్య.

“చూడను. మ్యాపు అక్క పని.”

ఆవిడ మూతి మూడు వంకరలు తిప్పింది. “అయితే మీ అక్క వచ్చేదాకా ఆ నలుగురూ ఆ చీకట్లో పడుండాల్సిందేనా?”

“ఉంటారు,” అన్నాడు. ఉన్నారు కూడా, పాపం.

చిన్నప్పుడు వాళ్ళ నాన్నకి టైపింగ్ షాపు ఉండేది. ఆదివారం షట్టరు సగం దించి, అక్కాతమ్ముళ్ళు అక్కడి కంప్యూటరుకి అతుక్కుపోయేవాళ్ళు. కుర్చీ, మీటలు తమ్ముడివి. పక్కన స్టూలు, గళ్ళ కాగితం అక్కవి. వీరులకు పేర్లు పెట్టిందీ అక్కే. కత్తి పట్టినవాడు బక్కోడు, అంటే తమ్ముడు. మంత్రగత్తె సోడాబుడ్డి, అంటే లావు కళ్ళద్దాల తను. వైద్యుడు నాన్న. దొంగకి మాత్రం షాపు గది అద్దెకిచ్చిన ఓనరు పేరు పెట్టి ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. దారి రెండుగా చీలిన ప్రతిచోటా అక్క “ఎడమకి” అనేది. చాలాసార్లు గోడే తగిలేది. “ఎందుకే ఎప్పుడూ ఎడమకే?” అంటే, “చెప్పేది నేను కాబట్టి” అనేది.

షాపు మూతపడ్డప్పుడు కంప్యూటరు కూడా బల్లలతో పాటే వెళ్ళిపోయింది. పిల్లల్ని ఎవరడుగుతారు? మూడో నేలమాళిగ అలాగే మిగిలిపోయింది.

ఇప్పుడు అక్క ఉండే నాలుగో అంతస్తుకి వెళ్ళే లిఫ్టు చూసేది ఈ తమ్ముడే. వెళ్ళిన ప్రతిసారీ ‘ఒక్క ఆదివారం రా అక్కా’ అని అడుగుదామనుకుంటాడు. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోతుంది. ఇంత వయసొచ్చి ఇదేం పిచ్చిరా అంటే? ఆ తర్వాత ఎదురుచూడటానికి కూడా ఏమీ మిగలదు. అదీ అతని భయం.

ఒకరోజు పని ముగించి చేతులు తుడుచుకుంటుంటే అక్క మంచినీళ్ళు తెచ్చింది. తాగి, గ్లాసు ఇస్తూ ఉన్నట్టుండి అనేశాడు. “మన ఆట మళ్ళీ మొదలుపెట్టా. మూడో నేలమాళిగలో ఉన్నా. నువ్వొస్తే పూర్తి చేద్దాం.”

అక్క గ్లాసు అందుకుంది. “నేనది పూర్తి చేసేశానురా.”

“ఎప్పుడు?”

“కాలు విరిగి మంచంలో ఉన్నానే, అప్పుడు. నెట్లో మ్యాపు చూసి ఆడేశా.”

“నాతో ఒక్క మాట అనలేదు.”

“ఆటకి రమ్మంటే నవ్వుతావేమోననుకున్నా.”

అతను సామాన్లు సంచీలో కుక్కుతూ మొహం గంటు పెట్టుకునే అడిగాడు. “చివర్లో ఏముంది?”

“ఏముంది! కోట మీద జెండా ఎగిరింది. నలుగురి పేర్లూ వరసగా వచ్చాయి. నీ పేరు చూసి, గెలిచాంరా బక్కోడా అని పక్కకి తిరిగా. పక్కన మందుల సీసాలున్నాయి.”

అతను సంచీ భుజాన వేసుకున్నాడు. లిఫ్టు ఎక్కి మీట నొక్కాడు. తలుపులు మూసుకుంటున్నప్పుడు చెయ్యి అడ్డం పెట్టొద్దని ఊరందరికీ చిలక్కి చెప్పినట్టు చెప్పే మనిషి, తనే చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆదివారం రా.”

“దారంతా తెలిసినదాన్ని. నాతో ఏం మజా ఉంటుందిరా?”

“తెలీనట్టు కూర్చో.”

ఆదివారం ఆవిడ వచ్చింది. మెకానిక్కు భార్య వంటింట్లో స్టూలు ఖాళీ చేసి తెచ్చి వేసింది. తమ్ముడు కొత్త గళ్ళ కాగితం ముందు పెట్టాడు. నలుగురు వీరులూ కదిలారు. కాసేపటికి దారి రెండుగా చీలింది. ఎడమవైపు గోడ ఉందని అతనికి తెలుసు. కుడివైపు మలుపుల్లో తప్పిపోయినప్పుడల్లా తిరిగొచ్చి తల బాదుకుంది ఆ గోడకే. అసలు దారి కుడివైపు ఏ మలుపులో ఉందో గెలిచొచ్చిన అక్కకి తెలుసు.

అక్క కళ్ళద్దాలు పైకి తోసుకుంది. పెన్సిలు పట్టుకుని కాగితాన్ని చాలాసేపు చూసింది.

“ఎడమకి,” అంది.

అతను ఎడమకి తిప్పాడు. నలుగురూ నడిచారు. గోడ వచ్చింది.

“గోడే అక్కా.”

“అయ్యో, గోడా!” అంటూ ఆవిడ కాగితం మీద ఆ గోడని నిదానంగా, నొక్కి నొక్కి గీసింది.

“ఇంకోసారి ఎడమకే వెళ్ళి చూద్దామా?” అన్నాడు తమ్ముడు.