బ్యాటరీలు లేని పడవలో దీపం

నేను దయ్యాలను నమ్మను. కరెంటు పనిలో పదకొండేళ్ల నుంచి ఉన్నాను. వైరు చివర మీటర్ పెడితే వోల్టేజీ ఉంటుంది, లేదంటే ఉండదు, మధ్యలో ఇంకోటి లేదు. మా బిల్డింగులో సెక్యూరిటీ అన్నలు ఖాళీ ఫ్లోర్‌లో లిఫ్ట్ దానంతట అదే ఆగుతుందని చెప్తే, సెన్సర్ మీద దుమ్ము తుడిపించి చూపించిన దాన్ని నేను.

హైటెక్ సిటీలో ఒక ఐటీ ఆఫీసు బేస్‌మెంట్‌లో యూపీఎస్ గది చూసుకుంటాను. నిజాంపేటలో కిరాయికి ఉంటాను. మా మేనేజర్ ద్వారా మూర్తి గారు పరిచయమయ్యారు. కాకినాడ ఆయన, సరుకుల ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నార్సింగి దగ్గర రేకుల షెడ్డులో తెరచాప పడవ కట్టుకుంటున్నారు. పూర్తయ్యాక లారీ మీద తీరానికి తీసుకెళ్లి, భార్యతో కలిసి సముద్రంలో నెలల తరబడి తిరగాలని ఆయన కోరిక. వైరింగ్‌కు ఆదివారాలు నన్ను రమ్మన్నారు.

మొదటిరోజు ఆ పడవలో బ్యాటరీ స్విచ్ చూసి నాకేం అర్థం కాలేదు. గుండ్రటి పిడి, దానికి నాలుగు గుర్తులు: ఆఫ్, ఒకటి, రెండు, రెండూ కలిపి. ఒక పడవకు రెండు బ్యాటరీలు ఎందుకని అడిగాను.

"మీ ఇంట్లో వ్యవసాయం ఉందా అమ్మా?" అన్నారు.

"ఉంది సార్, సూర్యాపేట దిక్కు."

"తినే వడ్లు, విత్తనం వడ్లు వేరుగా పెడతారు కదా. ఇదీ అంతే. ఒకటో బ్యాటరీ దీపాలకి, ఫ్యాన్లకి. రెండోది ఇంజను స్టార్టు చెయ్యడానికే. దీపాలు మొదటిదాన్ని మొత్తం తాగేసినా రెండోది మిగలాలి. నడిసముద్రంలో ఇంకెవరిస్తారు?"

ఆ మాటతో స్విచ్ మొత్తం బుర్రకెక్కింది.

జరిగింది ఐదో ఆదివారం, పట్టపగలు. బ్యాటరీ కేబుళ్ల చివర్లు సరిగా లేవని, ఇద్దరం కలిసి రెండు బ్యాటరీలనూ ఊడదీసి కిందికి దింపి, షెడ్డు గచ్చు మీద పెట్టాం. విప్పే ముందు స్విచ్ నేనే ఆఫ్ చేశాను. ఒకటికి రెండుసార్లు చూసుకోవడం నాకు అలవాటు. కొత్త చివర్లు బిగించేసరికి ఒంటిగంట అయింది. ఆలోపు మూర్తి గారు పడవలోని వంటమూలలో చిన్న గ్యాస్ సిలిండరు, పొయ్యి అమర్చుకున్నారు. ఇద్దరం షెడ్డు తలుపు దగ్గర కూర్చొని అన్నం తిన్నాం. ఆ షెడ్డుకు ఆ తలుపు ఒక్కటే.

తిన్నాక బ్యాటరీలు పైకి ఎత్తే ముందు, అవి కూర్చునే గుంత తుడుద్దామని నేను ముందుగా పడవలోకి దిగాను. లోపల దీపం వెలుగుతోంది.

పొద్దున పరీక్ష చేస్తూ ఆ దీపం మీట వేసి ఉంచిన మాట నిజమే. కానీ బ్యాటరీలు బయట గచ్చు మీద ఉన్నాయి. చార్జరు ఇంకా బిగించలేదు. సోలార్ పలకలు అట్టపెట్టెలోనే ఉన్నాయి. బయటి నుంచి పడవలోకి ఒక్క వైరు కూడా రావట్లేదు.

స్విచ్ చూశాను. ఒకటి మీద ఉంది.

వైరు చుట్టూ పట్టే మీటర్ తీసి దీపం వైరుకు తగిలించాను. సుమారు ముప్పావు ఆంపియరు చూపింది, ఆ దీపం మామూలుగా తీసుకునేంత. తర్వాత బ్యాటరీ కేబుల్‌కు తగిలించాను. సున్నా. దాని చివర గాలిలో వేలాడుతోంది మరి. దీపంలో కరెంటు ఉంది, దానికి వచ్చే దారిలో లేదు.

"సార్, జర లోపలికి రండి," అని పిలిచాను.

ఆయన మెట్ల మీద నిలబడి దీపాన్ని, ఖాళీ గుంతను మార్చి మార్చి చూశారు. స్విచ్‌ను ఆఫ్‌కు తిప్పారు. దీపం ఆరింది. ఒకటికి తిప్పారు. వెలిగింది.

"ఏంది సార్ ఇది?"

"నువ్వేమన్నా కలిపావా?"

"ఏం లేదు సార్. స్విచ్ కూడా నేను ముట్టలేదు."

"నేనూ ముట్టలేదండీ," అన్నారు. మామూలుగా నన్ను అండీ అనరు ఆయన.

కేబుల్ చివరలు చూడటానికి గుంత దగ్గర వంగారు. పడవంతా రెసిన్ జిగురు ఘాటు, ఇద్దరం మాస్కులు పెట్టుకొని ఉన్నాం. ఎందుకో ఆయన మాస్కు కిందికి లాగి, ముక్కు గుంతలో పెట్టి, వెంటనే లేచారు.

"గ్యాస్. ఏదీ ముట్టుకోకు. పైకి ఎక్కు."

వంటమూలలో పైపు జాయింటు లీకవుతోంది. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, పడవ అడుగున నీళ్లలాగా నిండుతుంది. ఆయన సిలిండరు మూసేసి, పడవ అడుగు రంధ్రానికి ఉన్న బిరడా బయటి నుంచి పీకి, షెడ్డు తలుపు బార్లా తెరిచారు. సాయంత్రం దాకా లోపలికి పోలేదు. పోయి చూసేసరికి దీపం ఆరిపోయి ఉంది. స్విచ్ ఒకటి మీదనే ఉంది. ఎటు తిప్పినా వెలగలేదు.

ఆ దీపం కనబడకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. స్విచ్ ఆఫ్‌లో ఉందనే నమ్మకంతో మళ్లీ చూసేదాన్ని కాదు. బ్యాటరీ గుంతలో పెట్టి కేబుల్ ఆనించగానే నిప్పురవ్వ లేచేది.

ఆఫీసులో సీనియర్లను అడిగాను. ఎక్కడో కెపాసిటర్‌లో మిగిలిన కరెంటు అన్నారు ఒకరు. అది క్షణాలే ఉంటుంది, ఇది మేము చూస్తుండగానే పది నిమిషాలకు పైగా వెలిగింది. సార్‌ను పిలిచే ముందు ఫోన్‌లో తీసిన ఫొటో ఒకటి ఉంది. అందులో దీపం, స్విచ్ పడ్డాయి, ఖాళీ గుంత పడలేదు. కాబట్టి దాంతో ఏదీ రుజువు కాదు.

మంచి జరిగింది కదా, దేవుడే కాపాడాడనుకో అంటుంది మా అమ్మ. అక్కడే నాకు పరేషాన్. స్విచ్ నేను పెట్టినట్టు ఆఫ్‌లోనే ఉంటే, బ్యాటరీ బిగించినా రవ్వ వచ్చేది కాదు. దాన్ని ఒకటికి తిప్పినదేదో అదే మా ప్రాణాల మీదికి తెచ్చింది. దీపం వెలిగించినదేమో మమ్మల్ని ఆపింది. రెండూ ఒకరి పనేనా, లేక ఆ ఇరుకు పడవలో ఇద్దరున్నారా? ఎట్ల ఆలోచించినా లెక్క తేలదు.

పడవ పోయిన చలికాలం నీళ్లలోకి దిగింది. మొన్న మూర్తి గారు ఫోన్ చేసి, వైరింగ్ బాగుందని, బ్యాటరీలు బాగా నిలుస్తున్నాయని చెప్పారు. ఆ దీపం ఇప్పుడెట్ల ఉందని అడుగుదామని నోటిదాకా వచ్చింది.

అడగలేదు. గ్యాస్ పైపు జాయింటు ఇంకోసారి చూసుకోమని చెప్పి, సముద్రం చప్పుడు వినబడుతుండగానే ఫోన్ పెట్టేశాను.