మిస్త్రి చూడని రెండో ఆయిల్

అందరు మంచిగున్నరా? మీ ఇండ్లల్ల పెద్దమనుషుల మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయ్? పసిపిల్లలకు సర్దులు తగ్గినయా? గీ ముసురుకు జరాలు పట్టుకుంటున్నయ్, నీళ్లు కాగవెట్టుకొని తాగుండ్రి. సుల్తానాబాద్ మిస్త్రి చేతుల పడి లేచిన ట్రాక్టర్లు ఉన్నోళ్లు, మీ బండ్లు సుత మంచిగున్నయా? పానం మంచిగున్న మనిషే పోయిండు, గందుకే ఇంటింటికి అడగబుద్ధి అయితున్నది. మొన్న ఐతారం పొద్దుగాల నమాజు చదువుకొని వచ్చి, ఛాయ్ గిలాస చేతుల పట్టుకొని కూసున్న జాగలనే ఒరిగిపోయిండట మా మిస్త్రి. ఆఖరి తానం పోసినప్పుడు ఎంత కడిగినా గోళ్లల్ల నలుపు పోలేదట. గా మాట విన్నకాన్నుంచి నాకు బువ్వ సయిస్తలేదు.

మా బండి ఎన్నో ఏండ్ల సంది ఆయన చేతులనే ఉన్నది. గీ ఎండకాలం ఇంజన్ పొగ ఎక్కువైతే మొత్తం ఇప్పి కొత్త పిస్టన్లు, రింగులు ఎక్కించిండు. ఇంజన్ కొత్తగ చేసినంక ఆయనకు ఒక పద్ధతి ఉండె. తాళం బండి తోలేటోనికి ఇయ్యకపోతుండె, ఇంట్ల ఆడమనిషికి ఇస్తుండె. రెండో ఆయిల్ మార్చేదాంక తాళం ఆమె దగ్గర్నే ఉండాలె.

"మొగోళ్లకు తొందర, ఆడోళ్లకు భయం, బుగులు. కొత్త ఇంజన్‌కు బుగులున్నోళ్లే కావాలె అక్కా," అన్నడు నా చేతుల తాళం పెట్టి. "కొత్త ఇంజన్ బాలింత లెక్క. బరువు పెట్టకు."

నా బుగులు సంగతి ఎరికే గదా. బరువెందుకు, అసలు కదిలియ్యనే వద్దనుకున్న. పొద్దుగాల స్టార్ట్ చేపిచ్చి వాకిట్లనే నిలవెట్టి ఉంచుడు, మల్ల బంద్ చేపిచ్చుడు. ఒకనాడు మిస్త్రి మా దిక్కు వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నడు.

"గిదేంది అక్కా, బండిని బర్రె లెక్క కట్టేసినవ్?"

"నువ్వే గదా తమ్మీ బాలింత అన్నవ్."

"బాలింత అన్న, మంచాల పడ్డ ముసలిదన్ననా? బాలింత జర నడవాలె, తేలిక పని చెయ్యాలె. ఊకె నిలవెట్టి నడిపిస్తే రింగులు ఒదగయ్, ఆయిల్ పైకెక్కి కాల్తది. ఖాళీ ట్రాలీ తగిలిచ్చి ఊరు తిప్పు. దున్నే రొటావేటర్ మాత్రం ఇప్పుడే వద్దు."

మొదటి ఆయిల్ ఆయనే వచ్చి దించిండు. తట్టల పడ్డ ఆయిల్ నల్లగ, నడుమ నడుమ చాప పొలుసు నూరి కలిపినట్టు తళతళ మెరుస్తున్నది.

"అయ్యో తమ్మీ, ఇంజన్ అరిగిపోతున్నది!"

"పుట్టిన పిల్ల మొదటి దొడ్డి నల్లగ పోదా? నలుగురిని కన్నవ్, నీకు నేను చెప్పాల్నా?" అని నవ్విండు. తర్వాత నవ్వు ఆపి, బొటనవేలుకు చూపుడువేలుకు నడుమ ఆయిల్ రాసి, తెల్లగుడ్డకు తుడిచి ఎండకు పట్టిండు. "కొత్త ముక్కలు రాసుకుంటయ్ గదా, ఇప్పుడు మెరుస్తది. రెండోసారికి మెరుపు తగ్గాలె. పాల తీరు తెల్లగైతే నీళ్లు దిగినట్టు. మెరుపు తగ్గకపోతే పనికి పెట్టకు, నాకు ఫోన్ చెయ్."

ఫోన్లకేం తక్కువ, దినాం చేస్తుంటి. ఎత్తంగనే, నేను నోరు తెరవకముందే, "ఏం కాలే అక్కా" అంటుండె. గా ఒక్క మాటతోని గా దినం గడిచిపోతుండె నాకు.

రెండో ఆయిల్ దించేనాటికి ఆయన లేడు. నిన్న నా కొడుకు దించిండు. ఆయన చేసినట్టే వేళ్ల నడుమ రాసి, గుడ్డకు తుడిచి ఎండకు పట్టిన. అక్కడక్కడ సుక్కలు మెరిసినట్టే ఉన్నది. మెరుపు తగ్గిందా, నా కండ్లకు పొర వచ్చి కనవడ్తలేదా?

"తగ్గింది గదనే అవ్వా! తాళం ఇయ్యి. ఊరోళ్లంత దున్నుకుంటున్నరు."

"నీకు తొందర బిడ్డా, నీకన్ని తగ్గినట్టే ఉంటయ్," అన్న. వానలు పడ్డయ్, రొటావేటర్ తగిలియ్యాలె, నిజమే. కని ఇంజన్ పట్టేస్తే మా ఇంటిల్లిపాది బతుకుదెరువు పట్టేసినట్టే. సరే అని చెప్పేటోడు మట్టిల పండుకున్నడు.

అలవాటుకొద్ది ఆయన నంబరే నొక్కిన. మోగినంకనే ఆయన లేడని యాదికొచ్చింది. ఆయన భార్య ఎత్తింది. ఇద్దరం శానసేపు ఏడ్సినం. ఏడుపు ఆగినంక ఆమెనే అడిగింది, "అక్కా, రెండో ఆయిల్ దించిన్రా?" అని. మిస్త్రి ఇంట్ల బువ్వ తినుకుంట అందరి బండ్ల ముచ్చట్లే చెప్తుండెనట.

ఉన్నదున్నట్టు చెప్పిన. ఆమె జర ఆలోచించి అన్నది. "ఆయిల్ చూసుడు నాకు తెల్వదు అక్కా. మా ఇల్లు ఆయన షెడ్డు ఎన్కనే ఆయె, ఇంజన్ల చప్పుడు వినుకుంటనే ఇన్నేండ్లు రొట్టెలు చేసిన. ఆయనకు అనుమానం వస్తే కిటికిల నుంచి నన్నే అడుగుతుండె, 'క్యా జీ, ఎట్ల వినవడ్తున్నది?' అని. బండి తోలుకొని రాండ్రి. నేను ఇద్దత్‌ల ఉన్న, మొగడు పోయినోళ్లం గీ దినాలల్ల గడప దాటం. పరదా ఎన్క కూసొని వింట."

జుమ్మా నమాజు అయినంక గల్లిల సందడి తగ్గుతదట, గప్పుడు రమ్మన్నది. కొడుకు బయట బండి మీదనే కూసుంటడు, నేను లోపటికి పోయి ఆమె పక్కపొంటి కూసుంట. ట్రాలీ సుత లేకుంట, ఖాళీ బండి మీద మెల్లగ, గీ శుక్రారం పోతున్నం.