తప్పు పడింది మతం గడిలో... నా పేరులో కాదు

మా చిన్నప్పుడు... అంటే నేను పదో తరగతి చదివేటప్పుడు, బడి నుంచి తెచ్చిన ఒక కాగితం చూసి మా పులివెందుల మామ తింటున్న పళ్లెం పక్కకు నెట్టేశాడు. మామ అంటే మా మేనత్త భర్త. మా ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదు.

ఆ కాగితం పబ్లిక్ పరీక్షకు పంపే ఫారం. కులం గడిలో రెడ్డి అని ఉంది. మతం గడిలో ముస్లిం అని ఉంది! రాసిన క్లర్కు కోస్తా నుంచి కొత్తగా వచ్చినాయన... పేరు చూసి రాసేశాడు పాపం. నా పేరు హుసేనమ్మ.

మా చాపాడు పక్క పల్లెల్లో ఇదేమీ వింత కాదు. నాకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. మూడోసారి అమ్మ, మొహర్రానికి పీర్లను నిలబెట్టే చావిడిలో చక్కెర మీద ఫాతెహా చదివించి, బిడ్డ దక్కితే హుసేన్ సాహెబు పేరు పెట్టుకుంటానని మొక్కుకుంది. నేను దక్కాను. మా వీధిలో అట్లా దక్కినవాళ్లు ఇంకా ఉండేవాళ్లు... మస్తాన్ రెడ్డి, దస్తగిరమ్మ, ఫకీరప్ప. అందరూ హిందువులే, శనివారం ఒంటిపూట ఉండేవాళ్లే.

"మతం దిద్దితే సాలదు, పేరే మార్చాల. రేపు సంబంధాలొస్తే ఈ పేరు యాడ చెప్పుకుంటాం? ఉష అని పెడదాం" అన్నాడు మామ.

నిజం చెప్పొద్దూ... నాకు లోపల సంతోషమే వేసింది. ఉష! క్లాసులో ఆడపిల్లలు నన్ను "సాయిబమ్మా, సేమ్యా తెచ్చినావా?" అని ఏడిపించేవాళ్లు. అమ్మ మాత్రం "ఆ పేరు మీదనే బిడ్డ నిలిచింది, మారిస్తే ఏమన్నా అయితే?" అని రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాన్న బావకు ఎదురు చెప్పలేక గమ్మున ఉండిపోయాడు.

పేరు మార్చాలంటే పుట్టిన ఆసుపత్రి నుంచి లెటర్ తెమ్మన్నారు బడిలో. నేను పుట్టింది ప్రొద్దుటూరులో, ఖైరున్నీసా డాక్టరమ్మ దగ్గర. పల్లెల్లో నోరు తిరగక కైరమ్మ డాక్టరు అనేవాళ్లు. ఆదివారాలు జమ్మలమడుగు పోయి డబ్బు తీసుకోకుండా రోగులను చూసి వచ్చేది. ప్రొద్దుటూరు శాంతి కమిటీలో ఆమె ఒక్కతే ఆడమనిషి. ఒక ఏడు పీర్ల ఊరేగింపు, వినాయకుడి నిమజ్జనం ఒకేరోజు పడి, ఎవరు ముందు పోవాలని పంతాలకు పోతే, ఆమె నడిరోడ్డులో కుర్చీ వేసుకుని కూర్చుందట. కలిసి పోతామని రెండు వైపులా ఒప్పుకునేదాకా లేవలేదట...

మామ, అమ్మ, నేను వెళ్లాం. డాక్టరమ్మ ఫారం చూసి పడీ పడీ నవ్వింది.

"తప్పు పడింది మతం గడిలో. దిద్దాల్సింది ఆడ. పేరు ఏం తప్పు చేసింది రెడ్డీ?"

మోకాళ్ల నొప్పులకు చూపించుకోవడానికి వచ్చిన ముసలి సాయిబు ఒకాయన బెంచీ మీద ఉన్నాడు. ఆయన కల్పించుకున్నాడు. "మార్చనీ బేటీ. పీర్లకు మొక్కేది మన దీన్‌లో, మన మతంలో లేదు. బొట్టు పెట్టుకునే పిల్లకు ఆ పేరు ఏంటికి?"

మామకు బలం వచ్చింది. "చూడు, మీ పెద్దాయనే చెప్తాండాడు!"

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది.

"ఓహో, ఈ ఒక్క మాటలో మీ ఇద్దరికీ భలే కుదిరిందే! చాచా, ఐదు పూటలా నమాజు నేనూ చేస్తా, దీన్ నాకు నేర్పొద్దు. రెడ్డీ, నువ్వూ విను. ఈ పిల్ల పుట్టినప్పుడు ఊపిరి తీసుకోల్యా. నేను వీపు రుద్ది రుద్ది ఏడిపిచ్చినా. ఈయమ్మ మంచం మీద నుంచి హుసేనా, నరసింహా అని ఇద్దరినీ పిలుస్తానే ఉండింది. ఎవరు పలికినారో నాకు తెల్దు. మీకు తెలుసా?"

మామ బెదిరింపుకు దిగాడు. "లెటర్ రాయకపోతే మా పల్లెల నుంచి ఒక్కరు గూడా ఈడికి రారు" అన్నాడు.

"రావద్దు పో. పిల్ల పేరు పిల్లనే అడుగుతా." నా వైపు తిరిగింది. "నీకేం పేరు కావాలమ్మా? ఉష అంటే ఉష అనే రాస్తా, భయపడాకు."

ఉష అనే చెప్దామనుకున్నాను. వాకిలి దగ్గర అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది...

"హుసేనమ్మే" అన్నాను.

"ఇనపళ్యా, గట్టిగా చెప్పు" అంది డాక్టరమ్మ.

"హుసేనమ్మ! మతం దిద్దీయండి, నా పేరు జోలికి ఎవరూ రావద్దు!" మామ ముందర నేను గొంతెత్తడం అదే మొదలు. భలే హాయిగా ఉండింది.

"పేరు హుసేనమ్మ, మతం హిందూ, రెండూ నిజమే" అని తెలుగులో రాసి స్టాంపు గుద్ది ఇచ్చింది డాక్టరమ్మ. మామ అన్నంత పనీ చేశాడు. ఆ సాయిబూ తనవాళ్లను రానివ్వలేదట. చాలా రోజులు ఆమె బెంచీలు సగం ఖాళీగా ఉండేవి. ఆమె మాత్రం రెండు వైపులవాళ్లనూ తిట్టుకుంటూనే శాంతి కమిటీకి పోయేది.

ఇప్పుడు డాక్టరమ్మ లేదు. మా పల్లెలో పీర్ల పేరు పెట్టుకునేవాళ్లూ లేరు. మస్తాన్ రెడ్డి కూడా మనోహర్ రెడ్డి అయిపోయాడు...

మొన్న ప్రొద్దుటూరులో బాడుగ ఇల్లు చూడబోతే, నా పేరు వినగానే ఓనరు ముఖం మారింది. "మేం సాయిబులకు ఇయ్యం" అన్నాడు. తర్వాత నా బొట్టు చూసి నాలిక కరుచుకుని, "మనోళ్లేనా! పేరు మార్చుకోగూడదామ్మా?" అని తాళం చెవి ఇవ్వబోయాడు.

తీసుకోలేదు. సాయిబులకు ఇవ్వని ఇల్లు హుసేనమ్మకు అక్కర్లేదని చెప్పి వచ్చేశాను.

మీ ఇళ్లలో ఇట్లాంటి పేర్లుంటే కింద రాయండి... మార్చుకున్నవాళ్లు పాత పేరు రాయండి.