మంటకు దగ్గరి గ్రహం

కంటి ఆసుపత్రిలో మా బావ పక్కన కూర్చుని, మర్నాడు మధురవాడ కాలేజీలో నేను చెప్పాల్సిన పాఠాన్ని ఆయనకే చెప్పడం మొదలుపెట్టాను. డాక్టరు పిలిచేదాకా ఏదో ఒకటి మాట్లాడాలి కదా. బృహస్పతి అంత పెద్ద వాయుగ్రహం ఒకటి తన నక్షత్రాన్ని ఆనుకుని నాలుగు రోజులకో చుట్టు తిరుగుతోందని, దాని ఒక మొహం ఎప్పుడూ మంటవైపేనని, పైనున్న గాలి కొంచెం కొంచెంగా ఎగిరిపోతోందని చెప్పాను.

"అక్కడే పుట్టిందేటి?" అన్నాడు.

"లేదు బావా. దూరంగా, సల్లటి సోట పుట్టి దగ్గరికి జరిగిందంతారు."

"అయితే మన పద్మనాభం ఊరి మనిసే" అని నవ్వాడు. "మరెనక్కి ఎల్లదేటి?"

"ఎల్లదు బావా."

ఆ ఊళ్ళో పొలం వదిలి వచ్చి పాతికేళ్ళు ఉక్కు కొలిమి దగ్గర పనిచేశాడు ఆయన. కరిగిన ఇనుము బయటికొచ్చేటప్పుడు టోపీకున్న నీలి అద్దం దించుకుని చూడాలి. బావ దించేవాడు కాదు. "అద్దంలోంచి సూత్తే రంగేటి తెలుస్తాది? కంటితో సూడాల" అనేవాడు. రంగు చూసి వేడి ఎంతో చెప్పేవాడు. మీటరు కూడా ఇంచుమించు అంతే చూపించేది. తోటివాళ్ళు ముచ్చటపడేవాళ్ళు. నేనూ తక్కువ తినలేదు. ఏటా రంగూ వేడీ పాఠం వచ్చినప్పుడల్లా మా బావ కథ చెప్పి క్లాసులో చప్పట్లు కొట్టించుకున్నాను. అద్దం దించుకో బావా అని ఒక్కనాడైనా అనలేదు. ఫిజిక్సు మేష్టర్ని, తెలియక కాదు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నది నాలాంటివాణ్ణి చూసే.

డాక్టరు రెండు కళ్ళలోకీ లైటు వేసి చూశాడు. లోపలి పొర కాలిపోయిందని, ఆపరేషను చేసినా లాభం లేదని, ఉన్న కాస్త చూపూ నిలుస్తుందని చెప్పలేనని అన్నాడు. బావ "అలాగేనండి" అని దణ్ణం పెట్టి లేచాడు. ఆ మర్యాద చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆటోలో నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ అక్కకి నాను సెప్పలేను బావా. కల్లజోడెట్టుకుంటే సరిపోద్దని సెప్పాను, అదే నమ్మీసింది. నువ్వే సెప్పు."

దారంతా మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను. ఒక్కటీ కుదరలేదు.

ఇంటికి చేరేసరికి అక్క కంచాలు పెట్టేసింది. డాక్టరు ఏమన్నాడని నన్ను అడగలేదు. బావ చెయ్యి తీసుకుని కంచం అంచు మీద పెట్టింది.

"అన్నం ఇటుంది, పులుసు అటుంది. సేపకి ముల్లు తీసీసాను, తినీండి" అంది.

ఎన్నాళ్ళ నుంచి తీసి పెడుతున్నావని అడగబోయి, నీళ్ళ గ్లాసు బావ చేతికందేలా జరిపాను.