ఖాళీ సీసా గాలి

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను నేను ఆటపట్టించేదాన్ని. తెర మీద గీత కదిలితే నమ్ముతాను, లేకపోతే లేదు. నా తత్వమే అంత.

నిజామాబాద్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేసేదాన్ని. మనిషి వాసన దోమ మెదడుకు ఎలా చేరుతుందో కనుక్కోవడం మా పని. ఒక రోజంతా ఒంటికి కట్టుకున్న గుడ్డను సీసాలో పెట్టి, దాని మీదుగా వచ్చే గాలిని దోమ మీసాల మీదికి వదులుతాం. మీసానికి సన్నని తీగ తగిలించి ఉంటుంది. వాసన తగిలితే కంప్యూటర్ తెర మీద గీత ఎగురుతుంది. ఖాళీ సీసా గాలికి కదలదు.

గుడ్డలిచ్చేవాళ్ళలో గంగారాం ఒకరు. బోధన్ దగ్గర చెరకు కొట్టే కూలీ. ఆయన గుడ్డకు గీత రెండుసార్లు పొడుగ్గా ఎగిరి, కాసేపు ఆగి, మూడోసారి పొట్టిగా లేచేది. ఇంకెవరిదీ అలా రాలేదు. ల్యాబ్‌లో దోమలను పెంచే సుజాత ఆయన కూతురే.

పోయిన వానాకాలం గంగారాం జ్వరంతో చనిపోయారు. నియమం ప్రకారం ఆయన గుడ్డలన్నీ కాల్చేశాం. సుజాత మళ్ళీ పనిలోకి వచ్చిన రోజు పొద్దున, ఖాళీ సీసా గాలికే గీత ఎగిరింది. రెండు పొడుగు, ఒకటి పొట్టి.

వెంటనే సుజాత మీద అనుమానం వచ్చింది. తండ్రి గుడ్డ ఒకటి దాచి, గాలి వచ్చే గొట్టంలో కుక్కి ఉంటుందనుకున్నాను. గొట్టాలు మార్చాను. సీసా ఉడకబెట్టాను. దోమను మార్చాను. అయినా అదే వచ్చింది. చివరికి ఆమె లేనప్పుడు సంచి కూడా వెతికాను. టిఫిన్ డబ్బా తప్ప ఏమీ లేదు. ముందే జాగ్రత్త పడిందిలే అనుకుని, ఆమెనే నిలదీశాను.

"నేను ముట్టలే అక్కా. బాపు గుడ్డ ఒక్కటన్న మిగిలితే ఇంట్ల దాసుకుందు. గీడెందుకు పెడత?" అంది.

నేను వినలేదు. ల్యాబ్ నడిపే సార్‌కు చెప్పాను. ఆమెను పనిలోంచి తీసేశారు.

మర్నాడు గదిలో నేనొక్కదాన్నే. గీత ఎగిరింది. వరసగా తొమ్మిది రోజులు ఎగిరింది. అన్యాయంగా ఒకరి పని పోగొట్టానని సిగ్గేసింది. రికార్డులన్నీ తీసుకుని సార్ దగ్గరికి వెళ్ళాను, సుజాతను వెనక్కి పిలిపిద్దామని.

ఆయన అన్నీ చూసి, "ఈ తొమ్మిది రోజులు ఆ గదిల ఎవరున్నరమ్మా?" అని అడిగారు.

"నేనే సార్."

ఆయన నా వైపు చూసిన చూపు నాకు తెలుసు. సుజాతను నేను అలాగే చూశాను. ఇద్దరం కలిసి చేశామని తేల్చేసి, సాయంత్రానికి నన్నూ తీసేశారు.

నేను చేయలేదు. సుజాత చేయలేదు. మరి ఏమిటో నేటికీ చెప్పలేను. చెప్పగలిగితే ముందు ఆమె పని ఆమెకు ఇప్పించేదాన్ని.

క్షమించమని ఆమెకు ఫోన్ చేశాను. ఆమె అడిగింది ఒక్కటే.

"నేను పోయినంక గూడ బాపుదే వచ్చిందా అక్కా?"

అవునన్నాను.

"అట్లయితే ఒక్కసారి నన్ను తీస్కపో. ఆ సీసా ముంగట జర సేపు కూసుంట."

ఆ గదిలోకి ఇక నన్ను కూడా రానివ్వరని అప్పుడు చెప్పాను.