మావయ్యగారి గొంతులో చీజ్

కొత్తగా అమలాపురం కాపురానికి వచ్చిన రోజులు. మధ్యాహ్నం పప్పుచారులోకి నంజుకోవడానికని కూరగాయల ముక్కల మీద చీజ్ దట్టంగా పరిచి ఓవెన్‌లో బేక్ చేశాను. మావయ్యగారు ముచ్చటపడి పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నారు. సాగిన చీజ్ ఉండలా గొంతుకు అడ్డం పడింది. మాట లేదు, దగ్గూ లేదు. పెదవులు నల్లబడుతున్నాయి. ఆయన్ని ముందుకు వంచి వీపు మీద చరిచాను కానీ, పెద్దాయనన్న జంకుతో చెయ్యి గట్టిగా పడలేదు.

"గట్టిగా కొట్టమ్మా, ఆయనేం అనుకోరు," అన్నారు అత్తయ్యగారు ఏడుస్తూ.

బలమంతా పెట్టి కొట్టాను. ముద్ద ఊడి కంచంలో పడింది. ఆయన ఊపిరి పీల్చారు.

"బాగా భయపడిపోయేవా అమ్మా?" అని ఆయనే నన్ను అడిగారు. నేను మంచినీళ్ల గ్లాసు ఆయన చేతికిచ్చాను.

ఇప్పటికీ ఆయన మొదటి ముద్ద మింగేదాకా నేను కంచంలో చెయ్యి పెట్టను.